శివమ్మ అడిగిన మట్టి

కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను. కుడిచెయ్యి కిటికీ వైపు ఉంటే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ దాన్ని రాసుకుంటూ పోరు. అది జారి సీటు కింద వేలాడినా ఆయనకు తెలియదు, పక్కవాళ్లు చెప్పాలి. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు, ఆయనకు మాత్రం డబ్బులు తీసుకున్నాడు. ఆడదాన్నై పుట్టినందుకు ఇన్నాళ్లకు ఒక లాభం. "ఆళ్లగడ్డకేనా అమ్మా, పెద్దాయన దిగగలడా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన "సరే" అన్నాడు. కండక్టరు అర్థం కాక నా మొహం చూశాడు. పక్షవాతం వచ్చి పడిపోయిన రోజు నుంచి మా ఆయన నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటేనని ఎంతమందికని చెప్పను. ఆకలేస్తే సరే, కడుపు నిండితే సరే, నొప్పి పుడితే సరే. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందని, కొందరికి ఇట్లా ఒక్క మాట మిగులుతుందని డాక్టరు చెప్పాడు. కొందరికి ఒక తిట్టు మిగులుతుందట, కొందరికి చిన్నప్పటి పాట ముక్క. ఇన్నేళ్లు సంఘానికి అయ్యగారై బోధ చేసిన మనిషికి యేసు పేరైనా మిగలకూడదా అని ఆ రోజు దేవుడితో పోట్లాడాను. తర్వాత ఆలోచిస్తే దేవుడు తెలిసే ఆ మాట ఉంచాడేమో అనిపించింది. సంఘపెద్దల ముందు ఆయన ఒక రోజు అన్న మాట అదే కదా.

పొద్దున గంజి పొంగుతుండగా ఫోను మోగింది. గంజి మా ఇద్దరికీ కాదు, పెద్దాసుపత్రిలో తోడు లేని రోగులకు. ఆయన మంచం పట్టాక కూడా నేను మానలేదు. మానితే పొయ్యి వైపు చూసి సరే సరే అని గొడవ పెడతాడు. గరిటె పట్టుకునే ఫోను ఎత్తాను. "అమ్మగారూ, మెహజబీన్ను, ఆళ్లగడ్డ నుంచి. శివమ్మత్త పోయింది. అయ్యగారు వచ్చేదంకా పూడ్చొద్దని చెప్పి పోయింది. బిరీన రండి." ఎందుకంట అని అడిగాను. "మట్టికి. ఆయన్నే పిలవమనింది. మిగతాది వచ్చినాక చెప్తా." ఆయనకు కాలూ చెయ్యీ మాటా పడిపోయిన సంగతి ఆ పిల్లకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచి, "వస్తాండాం తల్లీ" అని మాత్రం అన్నాను. గంజి అడుగంటింది. పక్కింటామె చేతికి గిన్నె ఇచ్చి ఆసుపత్రికి పంపమని, ఆయనకు తెల్లబట్టలు తొడిగి, బొత్తాలు పెడుతూ చెవిలో చెప్పాను, శివమ్మ పోయిందంట, నిన్ను మట్టికి రమ్మనిందంట. ఆయన సరే అనలేదు. గోడ వైపు తిరిగాడు. ఎడమ కంటి నుంచి మాత్రమే నీళ్లు కారాయి. కుడివైపు కన్ను ఏడవడం కూడా మరిచిపోయిందో ఏమో.

మట్టికి పోవడమంటే మా వాళ్లలో చిన్న సంగతి కాదు. పెళ్లికి పోకపోతే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవచ్చు, మట్టికి పోకపోతే ఆ ఇంటితో మాటలుండవు. పెట్టెను గుంతలోకి దించాక సంఘకాపరి వంగి పిడికెడు మట్టి తీసి, పోయినవాళ్ల పేరు పలికి, గుంతలో వేస్తాడు. ఆయన వేసేదాకా కన్నతల్లి కూడా వేయదు. ఆ మొదటి మట్టి పడిందంటే ఈ మనిషి మనవాళ్లలో మనిషి అని సంఘమంతా ఒప్పుకున్నట్టు. పడలేదంటే ఏమిటో శివమ్మను అడగాలి. ఈ రోజు ఆమె ఏ మనసుతో పిలిచిందో నాకు తెలియదు. క్షమించి పిలిచిందా, నా బిడ్డకు వేయని చెయ్యి నాకు వేస్తుందా చూద్దాం అని పదిమందిలో నిలబెట్టడానికి పిలిచిందా? రెండోదైతే తప్పు పట్టను. కానీ ఈ మనిషిని నేనెట్లా నిలబెట్టను? జవాబు చెప్పడానికి నోరు లేదు, మట్టి తీయడానికి చెయ్యి లేదు. ఇప్పుడు కూడా దిగి వెనక్కి పోవచ్చు, అయ్యలూరు మెట్ట దగ్గర బస్సు ఆగింది. ఎవరో కోళ్లబుట్టతో ఎక్కారు. నేను లేవలేదు. ఆయన ఎడమచెయ్యి నా మోకాలి మీద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు, నేను దిగిపోతానేమోనని ఆయనకెట్లా తెలిసిందో.

చేలలో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ వాసన కిటికీలోంచి కొట్టగానే ఆయన తల అటు తిప్పాడు. దూరంగా నల్లమల, దాని మీద ఎండ. పసుపు వాసన అంటే నాకు శివమ్మ మొదటిసారి మా యేసు గుడికి వచ్చిన రోజు. ఒళ్లంతా రాతిపొడి, మొహానికి పసుపు, చంకలో చంటిపిల్ల. మొగుడు వదిలేసి పోయాడు. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే కార్ఖానాలో పాలిష్ పట్టే పని ఆమెది, చెక్కిన నందులను, వినాయకులను నునుపు దేలేదాకా రుద్దాలి. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమన్నారు పెద్దలు, మార్తమ్మ అనో మరియమ్మ అనో. "మా అమ్మ పెట్టిన పేరయ్యా. దేవునికి ఈ పేరుతో పిలిస్తే ఇనపడదా?" అని అడిగింది. మా ఆయన నవ్వి వదిలేశాడు. వారమంతా విగ్రహాలు తోమి ఆదివారం గుడికొస్తుంది, ఇదేం విశ్వాసం అని మళ్లీ గొడవ. అప్పుడు ఆయన ఆమె పక్షానే మాట్లాడాడు, రాయి తోమితే పాపం ఎట్లవుతుందయ్యా, బిడ్డకు పాలు ఎవరు పోస్తారు, మీరా అని. ఆ రోజు మా ఆయన్ను చూస్తే నాకెంత గర్వమో. అందుకే తర్వాత జరిగిందాన్ని ఈ రోజుకీ మింగలేకపోతున్నాను. పిరికివాడై ఉంటే పోనీలే అనుకునేదాన్ని. ఈయన పిరికివాడు కాదు, ఒక్కరోజు మాత్రమే అయ్యాడు. అది ఒక ఆడబిడ్డను మట్టి చేయాల్సిన రోజు.

చంకలోని ఆ పిల్లకు దీవెన అని పేరు పెట్టింది ఆయనే. బండమీద కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పింది నేను. గొంతు విప్పితే గుడి బయట గొర్రెల కాపరి కూడా ఆగేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తినడం మరిచిపోయే పిల్ల. ఇంటర్లో రెండోసారి తప్పిందని తెలిసిన సాయంత్రం తన ప్రాణం తానే తీసుకుంది. మెహజబీన్ ఆమె ఈడుదే, ఒకే బెంచీ, ఆ పిల్ల పాసైంది. పొద్దున్నే శివమ్మ మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. ఏడవలేదు. "గంట కొట్టు అయ్యా" అనింది. అంతే. మాలో ఎవరు పోయినా ముందు గుడిగంట కొడతారు, అది వింటే ఊరందరూ పని ఆపుతారు. ఆయన లేచి గంట తాడు దగ్గరికి పోయాడు, తాడు చేతిలోకి తీసుకున్నాడు కూడా, నేను కళ్లారా చూశాను. అప్పటికే పెద్దలు వచ్చేశారు. తానే ప్రాణం తీసుకున్నవాళ్లకు గంట లేదు, సమాధుల తోటలో చోటు లేదు, సంఘకాపరి మట్టి వేయడు, మన నియమం ఇదే కదా అయ్యగారూ అన్నారు. ఆయన తాడు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వదిలేశాడు. "సరే" అన్నాడు. నేను వాళ్లకు టీలు అందించాను. శివమ్మ వాకిట్లో నిలబడే ఉంది, ఆమెకూ ఒక గ్లాసు ఇవ్వబోతే నా చేతి వైపు చూసింది, మొహం వైపు చూడలేదు. ఆ పిల్లను మెహజబీన్ నాయన నూర్ బాషా తన చేని మూలలో, కాలువ గట్టు మీద పూడ్చనిచ్చాడు. మొదటి మట్టి కూడా నూర్ బాషానే వేశాడట. ఆదివారం ప్రార్థనలో మా ఆయన ఆ పిల్ల పేరు చెప్పలేదు, దుఃఖంలో ఉన్న ఒక సహోదరి కోసం అని మాత్రం అన్నాడు. తాను పెట్టిన పేరే ఆయన నోటికి బరువైంది.

శివమ్మ గుడి మానేస్తుందనుకున్నాం. మానలేదు, అదే మా శిక్ష. వచ్చి చెప్పులు విడిచే మెట్టు మీద కూర్చునేది, లోపలికి రాదు. రొట్టె పంచే ప్రభువు బల్ల రోజున మా ఆయన రొట్టె పళ్లెం పట్టుకుని గుమ్మం దాకా పోయి ఆమె ముందు చాపేవాడు. ఆమె తల వంచుకునేది, చెయ్యి చాపేది కాదు. "నా బిడ్డ బయటుంది అయ్యా. నేను లోపలి తిండి ఎట్ల తిందును?" అని ఒకసారి అనింది, కోపంగా కూడా కాదు. ఏళ్లు గడిచాయి. ఒక ఆదివారం బోధ మధ్యలో ఆపేసి, తెల్లంగీ విప్పి కుర్చీ మీద పెట్టి, నడుచుకుంటూ వచ్చి చెప్పుల మధ్య ఆ మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. సంఘమంతా మెడలు తిప్పి చూస్తోంది. శివమ్మ లేచి కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఈయన అక్కడే చెప్పుల్లో కూర్చుని ఏడ్చాడు. ఆ వారమే సంఘం బాధ్యత వదిలేశాడు. నన్ను అడిగాడా అంటే అడగలేదు. పాస్టరమ్మగారూ అని పిలిపించుకున్నదాన్ని నంద్యాలలో రేకుల గదిలోకి తెచ్చి పడేశాడు. ఏం చేద్దామయ్యా ఇక్కడ అంటే గంజి కాద్దాం అన్నాడు.

అప్పటినుంచి కాస్తూనే ఉన్నాను. నాకు మొదట ఒళ్లు మండేది. ఊరికి గంజి పోస్తే నీ తప్పు కడుక్కుపోతుందా అని మొహానే అన్నాను. "కడుక్కోడానికి కాదు విజయమ్మా, ఆకలేస్తాంది వాళ్లకి" అన్నాడు. ఎవరూ రాని శవాలకు మున్సిపాలిటీవాళ్ల వెంట పోయి మట్టి వేసి వచ్చేవాడు. పేరు తెలియకపోతే ఏం పలుకుతావు అని అడిగేదాన్ని. గోళ్లలో మట్టితోనే అన్నానికి కూర్చుంటే లేపి కడుక్కుని రమ్మనేదాన్ని. ఆయన గుడిలో కృప గురించి బోధించిన రోజుల్లో నాకు నిద్ర వచ్చేది. ఇక్కడ గిన్నె మోసుకుపోతుంటే వెనక నుంచి చూసి, ఈ మనిషిని దేవుడు ఇంకా వదిలిపెట్టలేదు అనుకునేదాన్ని. ఆయన మాత్రం అట్లా అనుకోలేదు. రాత్రుళ్లు మోకాళ్ల మీద ఉండి ఒక్క పేరే తీసేవాడు, అది చచ్చిన పిల్ల పేరు కాదు, బతికున్న తల్లి పేరు.

మొన్న చలికాలంలో శివమ్మను పెద్దాసుపత్రికి తెచ్చారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, నందుల్ని నునుపు చేసిన మనిషికి గాలి లోపలికి పోవడం లేదు. మెహజబీన్ పొద్దంతా ఉండి పిల్లల కోసం సాయంత్రం ఊరికి పోయేది. ఆ వార్డులో అందరికీ మాస్కు ఉండాలి. మాస్కు వెనక నుంచి ఈయన ఆమెను చూడగానే గుర్తుపట్టాడు, ఆమె గుర్తుపట్టిందో లేదో తెలియదు. మాట్లాడితే గొంతు తెలిసిపోతుందని మూగవాడిలాగా చెంచాతో గంజి తాగించి, మూతి తుడిచి వచ్చేవాడు. ఇంటికొచ్చి నాకు చెప్పి, రేపు చెప్పేస్తా, క్షమించమని అడుగుతా అనేవాడు. రేపు మళ్లీ మూగవాడే. ఇంటికి పంపే రోజున ఆమె గంజి అంతా తాగి, గిన్నె ఇస్తూ, "ఉప్పు తక్కువైంది అయ్యగారూ" అనింది. మాస్కు తీయలేదు ఈయన, గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. ఆటో పోయింది. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి నవ్వుతూ ఏడుస్తూ చెప్పాడు. "మొదటి రోజు నుంచే తెలుసు విజయమ్మా ఆమెకు. తెలిసి తాగింది. నా చేత్తో తాగింది." నేను ఉప్పు డబ్బా తీసి చూసుకున్నాను, నిజమే, బీపీ వాళ్లుంటారని తగ్గించి వేస్తాను. ఆదివారం ఆళ్లగడ్డ పోతాను, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని నోటితో అడుగుతాను అన్నాడు. శుక్రవారం స్నానాలగదిలో పడిపోయాడు. ఏమయ్యా దేవుడా, రెండు రోజులు ఆగలేకపోయావా? ఇన్నేళ్లు మూసుకున్న నోరు అడగడానికి తెరుచుకునే వేళకు దాన్ని తీసుకుపోయావు. ఈ ఒక్కటి మాత్రం నేను నీ ముందు నిలబడినప్పుడు అడుగుతాను.

శిరివెళ్ల మెట్ట దాటింది. ఆయన నోరు కదుపుతున్నాడు. నీళ్లు కావాల్నా అయ్యా అంటే తల అడ్డంగా ఊపాడు. పెదవులు దగ్గరికి తెస్తాడు, నాలుక పళ్లకు ఆనిస్తాడు, వదిలేస్తాడు. మళ్లీ. ఏదో ఒక మాటను నమిలి చూస్తున్నాడు. ఏ మాటో నాకు తెలుసు. కొంగుతో ఆయన గడ్డం మీద చొంగ తుడిచి, వస్తుందిలే, తొందర పడొద్దు అన్నాను. రాదని నాకు తెలుసు. రోడ్డు పక్కన శిల్పాల అంగళ్లు మొదలయ్యాయి, కళ్లు ఇంకా తెరవని దేవుళ్లు, తొండం సగం తేలిన వినాయకులు, వాటి కాళ్ల దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకుని గొంతు కూర్చుని రుద్దుతున్న ఆడవాళ్లు. ఎవర్ని చూసినా శివమ్మే.

బస్టాండులో మెహజబీన్ ఆటో పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన్ను కాలు ఈడ్చుకుంటూ దించుతుంటే చూసి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏందమ్మగారూ ఇది, ఫోన్లో చెప్పలేదే."

"చెప్తే రావద్దంటారేమోనని."

"ఎవురంటారు? అత్త మాట దాటేదెవురు?" అని ఆయన కుడి భుజం కింద తన భుజం పెట్టింది. ఆటోలో కూర్చున్నాక చెప్పింది. సంఘంవాళ్లు ప్రాణం తీసుకున్నవాళ్ల గురించిన ఆ నియమం మార్చుకున్నారట, సమాధుల తోటలో శివమ్మకు మంచి చోటే చూపించారట. "నా బిడ్డ యాడుంటే నేనూ ఆడనే అనింది. మా నాయన మళ్లా గుంత తీసినాడు."

కాలువలో నీళ్లు లేవు. గట్టు మీద జనం, తెల్లబట్టల్లో పెద్దలు, కొత్త అయ్యగారు పుస్తకం పట్టుకుని ఒక పక్కగా ఉన్నాడు. పెట్టె గుంతలోకి దించేశారు, ఎవరూ మట్టి వేయలేదు, ఎండలో అందరూ మా కోసం కాచుకుని ఉన్నారు. పక్కనే చిన్న దిబ్బ, గడ్డి మొలిచి. దాని తల దగ్గర నల్లరాయి పాతి ఉంది. శివమ్మ కార్ఖానాలో మిగిలిన ముక్క తెచ్చుకుని ఏళ్ల తరబడి తీరిక దొరికినప్పుడల్లా దాన్ని రుద్దేదని మెహజబీన్ చెప్పింది. దాని మీద అక్షరం లేదు, ఆమెకు రాయడం రాదు. అద్దంలాగా మా మొహాలు కనబడుతున్నాయి అందులో. నేను ఆయన్ను పెద్ద గుంత వైపు నడిపించబోయాను. మెహజబీన్ ఆపింది.

"అట్ల కాదమ్మగారూ. అయ్యగారు ఇద్దరికీ ఏయాలంట. ముందు పాపకంట. ఆ తర్వాతనే తనకంట. అది చెప్పినాకనే కండ్లు మూసింది."

ఆ రోజు మా ఇంట్లో టీ తాగినవాళ్లలో ఇద్దరు అక్కడ ఉన్నారు, తలలు వంచుకున్నారు. నూర్ బాషా పార కింద పెట్టి, "రా అప్పా, నిదానంగా" అని ఆయన్ను ఒకవైపు పట్టుకున్నాడు. కొత్త గుంత మట్టి నేనే తీశాను, వెచ్చగా ఉంది. ఆయన కుడిచేతిలో పెట్టాను. ఎడమచేత్తో వేయించొచ్చు, కానీ తాడు వదిలింది ఈ చెయ్యే. వేళ్లు ఒక్కొక్కటే మడిచి పిడికిలి చేసి నా చేత్తో మూసి పట్టుకున్నాను. ఇప్పుడు పేరు పలకాలి. ఆయన నోరు తెరిచాడు. నాలుక పళ్లకు ఆనింది. మెడ నరాలు పొంగాయి, ఒళ్లంతా ఊగింది. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ రాలేదు, చిన్నపిల్లవాడిలాగా నా వైపు చూశాడు.

"దీవెన" అన్నాను నేను. గట్టిగానే అన్నాను, కాలువ అవతలి గట్టుకు వినబడేటట్టు.

ఆయన నా వైపు చూశాడు, ఆ నల్లరాయి వైపు చూశాడు. వంగగలిగినంత వంగాడు. అప్పుడు ఆయన నోట్లో మిగిలిన ఆ ఒక్క మాట వచ్చింది, మెల్లగా, అడిగినదానికి ఒప్పుకున్నట్టు.

"సరే" అన్నాడు.

నేను ఆయన వేళ్లు విప్పాను. మట్టి దిబ్బ మీద పడింది, గడ్డి మీద కొంచెం, రాయి మీద కొంచెం. రాయి మీది మట్టిని తుడవబోతే మెహజబీన్ వద్దని నా చెయ్యి పట్టుకుంది. ఆయన కదలడం లేదు, అక్కడే ఉండిపోతాడేమో అనిపించింది. నేను వంగి ఇంకో పిడికెడు మట్టి తీసి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను.

"పద అయ్యా" అన్నాను. "శివమ్మ కాసుకోని ఉంది."